మాస్టారిని ఆపకండి, ఆ పోస్టు నింపమని అడగండి

నిన్నట్నుంచి మా పాత బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. మాకు ఎమ్మెస్సీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పిన మాస్టారు వాలంటరీ రిటైర్మెంట్ పెట్టేశారు. ఇంకా సర్వీసుంది, లక్షల్లో జీతం, ఎవరైనా వదులుకుంటారా అని కొందరు. ఒంట్లో బాగోలేదేమో, ఇంట్లో ఏదో గొడవేమో అని ఇంకొందరు. ఒకాయనైతే చాదస్తం అనేశాడు. అది చదివి నాకు ఒళ్లు మండింది, అందుకే రాస్తున్నా.

ఆయన దగ్గర చదవనివాళ్ల కోసం ఒక్క సంగతి చెప్తాను. మొదటి సెమిస్టర్ ల్యాబ్‌లో టీఎల్‌సీ ప్లేటు (మిశ్రమంలో ఏమేం ఉన్నాయో విడదీసి చూసే పలక) మీద గీత గీయమంటే మా బ్యాచ్‌లో ఒకమ్మాయి పెన్నుతో గీసేసింది. ఆయన చూశారు, ఏమీ అనలేదు. ప్లేటుని సాల్వెంట్‌లో నిలబెట్టాక ఆ ఇంకు మెల్లగా పైకి పాకి, రంగులు రంగులుగా విడిపోవడం మొదలైంది. అప్పుడు అందర్నీ పిలిచి చూపించి, "ఇప్పుడు చెప్పండి, పెన్సిలే ఎందుకు వాడాలి?" అని అడిగారు. పెన్సిల్ గీత సాల్వెంట్‌లో కరగదు కాబట్టి కదలదు అనే జవాబు మా నోటి నుంచి వచ్చేదాకా అక్కడే నిలబడ్డారు. ఆ అమ్మాయిది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు, డిగ్రీలో ప్రాక్టికల్స్ అంటే రికార్డు చూసి రాసుకోవడమే. ఈరోజు పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ ఆర్ అండ్ డీలో పనిచేస్తోంది.

అలాంటి మనిషి చేత ఇన్నాళ్లూ ఏం చేయించారు? ఫైళ్లు. కాలేజీలకీ యూనివర్సిటీలకీ గ్రేడు ఇచ్చే న్యాక్ వస్తోందంటే ఫైళ్లు, వెళ్లిపోయాక మళ్లీ ఏటా రిపోర్టులు. క్లాసులో బోర్డు మీద రియాక్షన్ మెకానిజం సగంలో ఉండగా ఫోను, ఎప్పుడో జరిగిన సెమినార్‌కి జియోట్యాగ్ ఫొటో (ఎక్కడ తీశారో లొకేషన్ ఉండేది) కావాలి, అర్జెంటుగా పంపండి అని. యూజీసీ 2018 నిబంధనల్లో ప్రొఫెసర్‌కి వారానికి 14 గంటల బోధన అని రాసుంది. డిపార్ట్‌మెంట్‌లో రిటైరైనవాళ్ల స్థానంలో రెగ్యులర్ వాళ్లు రాక, ఆయన అంతకంటే ఎక్కువే చెప్పారు, ఏనాడూ విసుక్కోలేదు. పోయినసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు మాత్రం, "పాఠం చెప్పుకోడానికి టైమ్ అడుక్కోవాల్సొస్తోందిరా" అన్నారు. ఆయన నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

కాబట్టి ఆయన ఉద్యోగానికి భయపడి పారిపోతున్నాడని ఎవరూ అనొద్దు. 20 ఏళ్ల సర్వీసు నిండినవాళ్లు మూడు నెలల నోటీసిచ్చి వెళ్లొచ్చని పెన్షన్ రూల్స్‌లోనే ఉంది, అది ఆయన హక్కు. రిటైరైతే ఇక అయిపోయినట్టే అనే వాళ్లు మన గిడుగు రామమూర్తి గారిని తలుచుకోండి. మన విజయనగరంలోనే చదువుకుని, పర్లాకిమిడిలో 30 ఏళ్లు పాఠాలు చెప్పి, 1911లో తనంతట తానే రిటైరయ్యారు. వాడుక భాష కోసం ఆయన పూర్తి స్థాయిలో పోరాడింది ఆ తర్వాతే.

నా బాధ వేరే. మాస్టారు వెళ్లిపోతారు సరే, ఆ కుర్చీలోకి ఎవరొస్తారు? ఇంతకుముందు వెళ్లినవాళ్ల కుర్చీల్లోకి గెస్ట్ ఫ్యాకల్టీ వచ్చారు. వాళ్లని తప్పు పట్టట్లేదు, వాళ్లలో చాలామంది బాగా చెప్తారు, కష్టపడతారు. కానీ వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియని మనిషి పీహెచ్‌డీ స్టూడెంట్‌ని ఎలా తీసుకుంటాడు, ప్రాజెక్టుకి ఎలా అప్లై చేస్తాడు? 2020 డిసెంబరులో జీవో 77 వచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ పిల్లలకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసినప్పుడు, కూలి పనులకెళ్లే ఇళ్ల పిల్లలకి యూనివర్సిటీ క్యాంపస్ ఒక్కటే దిక్కయింది. ఆ క్యాంపస్‌లో కూడా చెప్పేవాళ్లు లేకపోతే గజపతినగరం పిల్ల ఎక్కడికెళ్లి చదువుకోవాలి? హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజు ఎవరు కడతారు?

దయచేసి మాస్టారికి ఫోన్లు చేసి "విత్‌డ్రా చేసుకోండి" అని విసిగించకండి. ఆయన బాగా ఆలోచించుకునే పెట్టారు. లెక్చరర్ అర్హతకీ పీహెచ్‌డీ ఫెలోషిప్‌కీ రాసే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షకి చదివే పిల్లలకి ఇంటి మేడ మీద క్లాసులు చెప్తారట, ఆ పుస్తకాలూ బోర్డూ మన బ్యాచ్‌లు చూసుకుందాం. ఫోన్ చేయాలనిపిస్తే మీ ఎమ్మెల్యేకి చేయండి, ఉన్నత విద్యాశాఖకి ఉత్తరం రాయండి, ఆ పోస్టుకి రెగ్యులర్ నోటిఫికేషన్ ఎప్పుడిస్తారని అడగండి. ఉత్తరం నేను రాసి పెడతాను, సంతకం చేసేవాళ్లు పేరూ బ్యాచ్ కింద కామెంట్‌లో పెట్టండి.