డిజైన్ లింకు చెరువు గట్టుకు చేరాలి

రొయ్యల వ్యాపారంలో కౌంట్, అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య, పెరిగితే ధర పడిపోతుంది. కిలోకు 30 తూగితే పెద్ద రొయ్య, మంచి ధర. 100 తూగితే చిన్న రొయ్య, తక్కువ ధర. నెల్లూరు జిల్లా విడవలూరులోనో ఇందుకూరుపేటలోనో చెరువు గట్టు మీద ఎవరిని అడిగినా చెబుతారు. ఇది తెలియని డిజైనర్ యాప్‌లో కౌంట్ పెరిగినప్పుడల్లా ఆకుపచ్చ బాణాన్ని పైకి గీస్తారు. అంకె పెరిగితే లాభమే కదా అన్నది వారి లెక్క. కోడ్ రాసేశాక ఆ తప్పు బయటపడితే దిద్దడం పెద్ద పని. తెర ఇంకా బొమ్మగా ఉన్నప్పుడే రైతు చూస్తే అక్కడికక్కడే తేలిపోతుంది.

యాప్ తెరలను ఇంటర్నెట్‌లోనే గీసి చూపే ఫిగ్మా లాంటి క్లౌడ్ సాధనాల అసలు విలువ ఇదే. ఒకే ఫైలు మీద పదిమంది ఒకేసారి పనిచేయవచ్చన్నది పాత సంగతి. 2016లో ఫిగ్మా అందరికీ అందుబాటులోకి వచ్చేనాటికి, పేరున్న స్కెచ్ అనే డిజైన్ సాధనం మ్యాక్ కంప్యూటర్లలో తప్ప నడిచేది కాదు. బ్రౌజర్‌లోనే తెరుచుకునే సాధనం వచ్చాక ఒంగోలు ఇంజినీరింగ్ విద్యార్థికి మామూలు లాప్‌టాప్ చాలింది. మంచిదే. కానీ ఆ విద్యార్థి దాన్ని బెంగళూరు బృందంలో చేరడానికే నేర్చుకుంటున్నాడు. పక్క ఊరి రైతును తన బృందంలో చేర్చుకోవచ్చని అతనికి చెప్పేవారేరీ? లింకు పంపితే ఫోనులోనే నమూనా తెరుచుకుంటుంది. చూడటానికి, తప్పున్న చోట వ్యాఖ్య పెట్టడానికి డబ్బు కట్టనక్కర్లేదు.

నెట్ పోతే పని ఆగుతుందని, మన ఫైళ్లన్నీ పరాయి కంపెనీ చేతిలో ఉంటాయని కొందరి అభ్యంతరం. ఆ భయం అర్థం లేనిది కాదు. ఫిగ్మాను 20 బిలియన్ డాలర్లకు కొంటామని 2022లో సాఫ్ట్‌వేర్ సంస్థ అడోబీ ప్రకటించింది. నియంత్రణ సంస్థలు అడ్డుచెప్పడంతో 2023 డిసెంబరులో విరమించుకుంది. అయితే పెన్‌పాట్ అనే ఓపెన్ సోర్స్ సాధనాన్ని సొంత సర్వర్‌లోనే నడుపుకోవచ్చు. దారి ఉన్నప్పుడు భయాన్ని సాకుగా చూపకూడదు.

నన్ను ఎక్కువగా బాధించేది తెలుగుకు పడుతున్న శిక్ష. తెరలన్నీ ఇంగ్లిషులో గీసి, చివరి వారంలో తెలుగు అతికిస్తారు. ఇంగ్లిషు అక్షరాల ఎత్తుకు కొలిచిన బటన్‌లో ‘స్త్రీ’ అని పెట్టి చూడండి. కింది వత్తులు అంచుకు తగిలి తెగిపోతాయి, పై గుడిదీర్ఘం పై వరుసను రాసుకుంటుంది. దీనికి తెలుగు లిపిని తప్పుపట్టడం అన్యాయం. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి తెలుగు ఫాంట్ పెట్టి మొదటి తెరనే తెలుగులో గీస్తే వరుసల మధ్య ఎంత ఎడం కావాలో అప్పుడే తెలుస్తుంది.

చదివేది మన భాషలో, మన బతుకుకు దగ్గరగా ఉండాలని నెల్లూరు జిల్లాకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. 1990ల తొలినాళ్లలో అక్షరాస్యత ఉద్యమంలో దూబగుంట మహిళలు చదివిన పాఠాలు వాళ్ల బతుకు గురించే మాట్లాడాయి. అందుకే ఆ చదువు సారాపై పోరాటమైంది. అంత కష్టపడి అక్షరం నేర్చుకున్న జిల్లాలో, పింఛను వివరాలు చూసుకోవడానికి పక్కింటి కుర్రాడిని బతిమాలుకునే గతి పట్టించే తెరలను మనం ఎందుకు ఒప్పుకోవాలి?

ప్రభుత్వ శాఖలు యాప్‌లకు టెండర్లు పిలిచేటప్పుడు ఒక షరతు పెట్టాలి. కోడ్ మొదలుపెట్టే ముందే తెలుగు తెరల డిజైన్ లింకును, దాని మీద వాడబోయేవారి వ్యాఖ్యలను చూపాలి. ఫోనులో టైపు చేయడం రాని రైతు పక్కన ఒక డిగ్రీ విద్యార్థిని కూర్చోబెడితే ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి పెడతాడు.