‘ఆ విద్యలో ఆరితేరిన వ్యక్తి’ గారికి బహిరంగ లేఖ

భీమవరం దగ్గర ఒక చెరువు గట్టు నుంచి,
తెల్లవారుజాము మూడున్నర.

మహారాజశ్రీ ఆ విద్యలో ఆరితేరిన వ్యక్తి గారి సముఖమునకు,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. కరెంటు పోయి ఇరవై నిమిషాలైంది. అందుకే మీరు గుర్తుకొచ్చారు.

తమకు పేరు లేదు కాబట్టి చట్టం పిలిచినట్టే పిలుస్తున్నాను. పేటెంట్ల చట్టం, 1970లో 2(1)(జేఏ) అనే సెక్షను మీ నివాసం. కొత్తగా ఏదో కనిపెట్టానని ఎవరైనా దరఖాస్తు పెడితే, అది మీకు ఇట్టే తట్టేదా కాదా అని చూస్తారు. తట్టేదైతే పేటెంటు లేదు. తట్టనిదైతే ఇరవై ఏళ్ల హక్కు. అంటే ఈ దేశంలో కొత్తదనానికి గీటురాయి మీ బుర్ర. ఆ బుర్రను, దాన్ని మోస్తున్న మనిషిని, ఇంతవరకు చూసినవాళ్లు లేరు.

ఇంగ్లిషులో మీ బిరుదులో ‘ఆర్ట్’ అన్న మాట ఉంది. నా దరఖాస్తును పరీక్షించి పేటెంటు ఆఫీసు పంపిన నివేదికను కళ్లజోడు సవరించుకుని చదివిన మా నాన్నగారు, “ఎవరురా ఈ కళాకారుడు? నీ కరెంటు పెట్టె గొడవ ఈయనకెందుకు?” అని అడిగారు. ఆయన లెక్కలో ఆర్టులో ఆరితేరినవాడంటే నాటకాల్లో హార్మోనియం వాయించేవాడు. హార్మోనియం కాదు నాన్నగారూ, విద్యుత్తు అన్నాను. “మరి కరెంటాయన అని రాయవచ్చుగా” అన్నారు. పేటెంటు భాష మీద నేను విన్న వ్యాఖ్యల్లో ఇంతకన్నా మంచిది లేదు.

నా పెట్టె సంగతి మీకు కాగితాల మీదే తెలుసు కాబట్టి నీళ్ల దగ్గర నుంచి చెబుతాను. మావి వనామీ రకం రొయ్యల చెరువులు. పగలు నీళ్లలోని నాచు ఎండ తిని ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు రొయ్యతో పోటీపడి ఆ ఆక్సిజన్‌ను పీల్చేస్తుంది. తెల్లవారుజాముకు నీళ్లలో ఊపిరి అడుగంటుతుంది. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటరు చక్రాలు తప్పనిసరిగా తిరగవలసింది ఆ వేళకే. కరెంటు పోయేదీ, మా ఖర్మ కొద్దీ, ఆ వేళకే. చక్రాలు ఆగిన కాసేపటికి రొయ్యలు పైకి తేలి గట్టు వైపు వస్తాయి. టార్చిలైటు వేస్తే నీటి అంచున వేల కళ్లు ఎర్రగా మెరుస్తాయి. రెండు లక్షల అప్పు మనవైపు చూస్తున్నట్టు ఉంటుంది.

అలాంటి ఒక రాత్రి డీజిల్ జనరేటరు హ్యాండిలు తిప్పి తిప్పి చేతులు పడిపోయాక, షెడ్డులో నిలబెట్టిన ఎలక్ట్రిక్ సరుకుల ఆటో మీద నా కన్ను పడింది. మేత బస్తాలు, ఐసు మోసే బండి. దాని కడుపులో ఏడు యూనిట్ల బ్యాటరీ. రెండు హార్స్‌పవర్ ఏరియేటరు గంటకు యూనిట్నర తింటుంది, నాలుగు గంటలకు ఆరు. లెక్క సరిపోయింది. చిక్కల్లా వోల్టుల దగ్గర వచ్చింది. బండిలో ఉన్నది 48 వోల్టుల డీసీ. చెరువులో మోటారుకు కావలసింది 415 వోల్టుల త్రీఫేజు ఏసీ. ఆ ఏసీ పుట్టాలంటే ముందు డీసీని 600 వోల్టుల దాకా, అంటే పన్నెండు రెట్లకు పైగా ఎక్కించాలి. పైగా మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకు అయిదారు రెట్లు కరెంటు అడుగుతుంది. అడిగినంతా ఇస్తే స్విచ్చులు పేలతాయి. పేలాయి కూడా. మాస్‌ఫెట్ అనే ఆ స్విచ్చు పేలితే పెనం మీద ఆవగింజ చిటపటలాడినట్టు ఉంటుందనుకునేవాణ్ని. కాదండీ, దీపావళే. చివరకు పౌనఃపున్యాన్ని, వోల్టేజిని అడుగు నుంచి మొదలుపెట్టి కలిపి పెంచుకుంటూ పోతే, చక్రం రథం కదిలినట్టు మెల్లగా కదిలి వేగం అందుకుంది. కరెంటు తిరిగి వచ్చాక అదే పెట్టె వెనక్కి పనిచేసి బ్యాటరీని నింపుతుంది. ఒకే పెట్టె, రెండు దారులు.

దీనికి రెండేళ్లు పట్టింది. దరఖాస్తుకు 1,600 రూపాయలు, పరీక్షించమని అడగడానికి మరో 4,000. ఎనిమిది క్లెయిములు రాయించాను. క్లెయిము అంటే ఏమిటో మా వైపు వాళ్లకు విడమరచి చెప్పక్కరలేదు, అది పొలం దస్తావేజు. తూర్పు ఫలానా వారి చేను, పడమర పంట బోదె అని హద్దులు రాసినట్టే, “సదరు బ్యాటరీకి కలపబడిన సదరు మార్పిడి వలయము, సదరు వలయమునకు కలపబడిన సదరు స్విచ్చులు” అంటూ ఊపిరి తీయకుండా ఒకే వాక్యంలో హద్దులు పాతాలి. నా ఒకటో క్లెయిములో పదకొండు ‘సదరు’లు ఉన్నాయి. మా ఊరి దస్తావేజు లేఖరి చదివి, చేయి తిరిగినవాడే రాశాడని మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత మీరొచ్చారు.

నివేదిక చెప్పింది ఇది. నా పెట్టెకన్నా ముందే ఉన్నాయంటూ మూడు కాగితాలు చూపింది. డీ1 అనే కాగితం: బ్యాటరీ వోల్టేజిని రెండు వైపులా మార్చే, స్విచ్చులతో కట్టిన జంట వంతెనల వలయం, 1991 నాటి అమెరికా పేటెంటు, డి డాంకర్, ఖేరలువాలా, దివాన్‌లది. డీ2: బండి మోటారును నడిపే స్విచ్చులతోనే బ్యాటరీని చార్జి చేసే పద్ధతి, 1992 నాటిది, రిప్పెల్, కొకోనీలది. డీ3: కారు బ్యాటరీ నుంచి ఇంటికి కరెంటు ఇచ్చే జపాను కాగితం. 2011 సునామీ తర్వాత అక్కడ ఈ ఆలోచన ఊపందుకుంది, మరుసటి ఏడే నిస్సాన్ వాళ్ల లీఫ్ అనే ఎలక్ట్రిక్ కారుతో ఇంటికి కరెంటు ఇచ్చే పెట్టె బజారులోకి వచ్చింది. ఈ మూడూ ముందు పెడితే, ఆ విద్యలో ఆరితేరిన వ్యక్తికి నా పెట్టె ఇట్టే తడుతుందట.

అయ్యా, తట్టిందా? ఎప్పుడు? మూడున్నరకు ఎప్పుడైనా ఈ గట్టు మీద నిలబడ్డారా?

మీ జాతకం వెతికాను. ఇంగ్లండులో 1972లో, అచ్చు వేసిన సర్క్యూట్ బోర్డుల తగాదాలో, లార్డ్ రీడ్ అనే న్యాయమూర్తి మీ గుణగణాలు రాశారు. పదుల కొద్దీ పేటెంటు పత్రాలను ఎంతైనా ఒంటబట్టించుకోగలరట, కనిపెట్టే శక్తి మాత్రం రవ్వంత కూడా ఉండదట. మా బళ్లో ఇలాంటి ఫస్టు ర్యాంకు పిల్లాడు ఒకడు ఉండేవాడు. అమెరికాలో మీ దశ తిరిగింది. 2007లో అక్కడి సుప్రీంకోర్టు, కారు యాక్సిలరేటరు పెడలుకు సెన్సరు తగిలించిన కేసులో, మీరు మరబొమ్మ కాదు, సాధారణ సృజన ఉన్న మనిషే అని తేల్చింది. మీకు కాస్త బుర్ర దొరికిందని సంతోషించాను కానీ, మీకు బుర్ర పెరిగిన కొద్దీ మాకు పేటెంట్లు తగ్గుతాయి. మీకు తట్టేవి ఎక్కువవుతాయిగా. మన సుప్రీంకోర్టు 1978లో మిమ్మల్ని లేత్ దగ్గరికి తీసుకెళ్లింది. వంటపాత్రలను లేత్ మీద బిగించి తిప్పే ఒక ఏర్పాటుకు ఇచ్చిన పేటెంటు చెల్లదంది. పని తెలిసినవాడు కార్ఖానాలో చేసుకునే చిన్న మెరుగుదల కనిపెట్టడం కిందకు రాదంది. ఆ తీర్పులో మాత్రం మీ చేతికి కాస్త నూనె అంటినట్టు కనిపిస్తుంది. నాకు నచ్చిన మీ రూపం అదే.

మీ పద్ధతే పద్ధతైతే మా డెల్టాయే లేదు. కావేరి మీద పాతకాలపు ఆనకట్ట కల్లణై, డీ1. గోదావరి కిందికి పారును, డీ2. కాబట్టి ధవళేశ్వరం ఆనకట్ట ఇట్టే తట్టేదే, కాటన్ దొర దరఖాస్తు తిరస్కరించడమైనది. లోతు తెలియని ఇసుక మీద పునాది నిలబెట్టడం కల్లణై కట్టినవాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆ దొర తానే ఒప్పుకున్నాడు కూడా. 1847 నుంచి 1852 దాకా కట్టింది వృథా. మా ఊళ్లలోని ఆ గుర్రం మీది విగ్రహాలన్నీ దింపించమంటారా?

(న్యాయంగా మాట్లాడాలంటే, ఒకటో క్లెయిము మీద మీరన్నదాంట్లో తప్పు పట్టలేకపోయాను. ఆ మూడు కాగితాలూ వారం రోజులు చదివాను. జంట వంతెనలు వాళ్లవే. నేను స్వయంగా కనిపెట్టాననుకున్నది నా పెట్టెకన్నా ముప్ఫై ఏళ్లు పెద్దది. అది ఒప్పుకోవడానికి ఇక్కడ బ్రాకెట్లు వేసుకున్నాను.)

మిగతా అభ్యంతరాల మీద ఎక్కువ సేపు ఉండను. మెల్లగా మొదలుపెట్టే పద్ధతి కంప్యూటర్ ప్రోగ్రామేనట, పేటెంటు ఇవ్వకూడనివాటిని చెప్పే సెక్షను 3(కే). రొయ్యల చెరువుకు గాలి ఆడించడం వ్యవసాయ పద్ధతి కావచ్చునట, 3(హెచ్). ఈ రెండోది చదివి గట్టు మీద ఉన్న నలుగురం పడీపడీ నవ్వాము. కరెంటు ఉచితంగా ఇవ్వమంటే చెరువు వ్యవసాయం కాదు, మీటరు ఉంటుంది. పేటెంటు ఇవ్వమంటే చెరువు వ్యవసాయమే. పేటెంట్లను వర్గాలుగా సర్దిన మీ బీరువాల్లో బండి బీ60ఎల్ అరలో, మార్పిడి వలయం హెచ్02ఎం అరలో, రొయ్య ఏ01కే అరలో ఉంటాయి. మా షెడ్డులో మూడింటికీ కలిపి ఒకటే తాళం.

అసలు విషయం ఏడో క్లెయిము.

ఈ గాలిలో ఉప్పు ఉంది. ఎంత మంచి బోర్డయినా ఆరు నెలల్లో కాళ్ల దగ్గర పచ్చగా చిలుము పడుతుంది. అందుకని బోర్డును వైండింగు వార్నిష్‌లో ముంచి, పెట్టెలో బల్బు వేడికి ఆరబెట్టి, రెండోసారి తలకిందులుగా ముంచాలి. మొదటిసారి వార్నిష్ కారిపోయి పలచబడిన మూలలు రెండోసారి నిండుతాయి. ఇది ఏడో క్లెయిము. నివేదిక చివరి పేజీలో మీరు దయతలిచారు. ఈ తలకిందుల ముంపు డీ1, డీ2, డీ3లలో ఎక్కడా లేదట, మీకు తట్టేది కాదట. దీన్ని ఒకటో క్లెయిములో కలిపి రాసుకుంటే పేటెంటు సంగతి చూస్తారట.

ఆ కాగితం పట్టుకుని కాలువ గట్టున ఉన్న మోటారు వైండింగు కొట్టుకు వెళ్లాను. కొట్టు మా నాన్నగారికి వరసకు తమ్ముడిది, నాకు బాబాయి. కాలిన మోటారు మూత తీసి, రెండు వరసల చుట్లు మాడి ఒకటి శుభ్రంగా మిగిలితే, “ఒక ఫేజు పోయినా ఆపకుండా ఆడించారు” అని అక్కడికక్కడే చెప్పేస్తాడు. చదివింది ఎనిమిది. నా పెట్టెను మొదటిసారి చూసినప్పుడు చుట్టూ తిరిగి, “నలభై ఎనిమిదితో ఇది తిరుగుతుందా?” అని అడిగి, తిరిగాక కూడా కాసేపు నమ్మలేదు. ఈ ఊళ్లో ఆ విద్యలో ఆరితేరిన వ్యక్తి ఎవరంటే ఆయనే. పెట్టె మొత్తం ఆయనకు తట్టలేదు. మీకు తట్టింది.

నేను వెళ్లేసరికి బాబాయి ఒక స్టార్టరు బోర్డును చిమటాతో పట్టుకుని వార్నిష్ డబ్బాలో ముంచుతున్నాడు. తీసి, బొట్లు కారనిచ్చి, వంద వాట్ల బల్బు వెలుగుతున్న పాత సున్నుండల డబ్బాలో పెట్టాడు. పక్కన ఆరిపోయిన మరో బోర్డు ఉంది. దాన్ని తీశాడు. తలకిందులు చేశాడు. ముంచాడు.

“బాబాయ్, ఇలా ఎప్పటి నుంచి చేస్తున్నావు?”

“తలకిందులా? చెరువులు తవ్విన కొత్తలోనే. లేకపోతే మూలలు తినేస్తాయి కదా. నువ్వు సెలవుల్లో వచ్చి నాతో కలిసి ముంచేవాడివి, మరిచిపోయావా?”

మరిచిపోలేదని అనలేను, గుర్తుందనీ అనలేను. క్లెయిములు రాయించేటప్పుడు ఆ డబ్బా నా కళ్ల ముందు ఉండి ఉండాలి. నేనే అటు చూసి ఉండను.

నివేదిక చదివి వినిపించాను. ఈ పేటెంటు నాకొస్తే, చట్టం ప్రకారం ఇలా ముంచి ఇలాంటి పెట్టె కట్టడానికి నువ్వు నన్ను అడగాలి బాబాయ్ అన్నాను. వద్దనుకుంటే పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు, నువ్వూ పెట్టవచ్చు అని కూడా చెప్పాను.

“నీ మీద నేను కాగితం పెట్టడమేమిటి? వదినకు ఏమని చెప్పుకోను?” అని రెండో బోర్డు డబ్బాలో పెట్టి మూత వేశాడు.

జవాబుకు ఇచ్చిన ఆరు నెలల్లో ఇంకా మూడు వారాలుంది. ఏడో క్లెయిమును నేనే కొట్టేస్తున్నాను. దానికి కారణం చూపాలి కదా, మీ డీ1, డీ2, డీ3ల కింద డీ4 అని ఒక వరుస గీసుకుని కూర్చున్నాను. పత్రం సంఖ్య: లేదు. ప్రచురణ తేదీ: చెరువులు తవ్విన కొత్తలో. దేశం: భారత్. పేజీలు: సున్నుండల డబ్బా, ఒకటి.

ఇదుగో, కరెంటు వచ్చింది. పెట్టె ఒక్కసారి టక్కుమని వెనక్కి తిరిగి బండిని నింపడం మొదలుపెట్టింది. చక్రాలు ఆగలేదు. నేను వెళ్లి మేత కలుపుకోవాలి.

ఇట్లు,
మీకు తట్టిన పెట్టె చేసినవాడు

తా.క.: బాబాయి కొట్టు ఆదివారం మధ్యాహ్నం మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో ఎప్పుడైనా రండి. చిమటా రెండోది ఉంది.