అరెస్టు కబురు అందరికీ, విడుదల కబురు ఎవరికి?

అమెరికాలో ఎవరినైనా పోలీసులు అరెస్టు చేసి కౌంటీ (మన జిల్లా లాంటిది) జైలుకు తీసుకెళితే, చాలా చోట్ల కొన్ని గంటల్లోనే పేరు, వయసు, ఫొటో, పెట్టిన కేసు, బెయిలుకు కట్టాల్సిన బాండు మొత్తం, కౌంటీ పోలీసు అధికారి అయిన షెరీఫ్ ఆఫీసు వెబ్‌సైట్లోకి ఎక్కేస్తాయి. ఎవరైనా చూడొచ్చు, లాగిన్ కూడా అక్కర్లేదు. అదే మనిషి మర్నాడు బయటికొచ్చినా, మూడు నెలల తర్వాత జడ్జి కేసు కొట్టేసినా, ఆ సంగతి మాత్రం ఆ పేజీలో సాధారణంగా కనబడదు. విడుదల కాగానే కొన్ని కౌంటీలు పేరు తీసేస్తాయి. కొన్ని కొద్దిరోజులుంచి తీసేస్తాయి. మరికొన్ని అరెస్టు వివరాలను ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తాయి. చివరికి ఏమైందో తెలియాలంటే కోర్టు క్లర్కు ఆఫీసు రికార్డుల్లో విడిగా వెతుక్కోవాలి. అరెస్టు వివరం ఒకరి దగ్గర, కేసు ఫలితం ఇంకొకరి దగ్గర. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లకు ఈ మధ్య జరిగిన నష్టాల్లో కొన్ని ఈ ఖాళీలోంచి పుట్టినవే.

కౌంటీ జైల్లో ఉన్నారంటే శిక్ష పడిందని కాదు. పెద్ద శిక్షలు పడినవాళ్లను సాధారణంగా రాష్ట్ర, ఫెడరల్ కారాగారాలకు పంపుతారు. కౌంటీ జైల్లో ఉండేది అప్పుడే అరెస్టయినవాళ్లు, బాండు కట్టలేక విచారణ కోసం ఎదురుచూసేవాళ్లు, చిన్న శిక్షలు అనుభవిస్తున్నవాళ్లు. 2019లో అమెరికా స్థానిక జైళ్లలోకి నమోదైన ప్రవేశాలు కోటి దాటాయి. ఏ రోజు లెక్క తీసినా అక్కడున్నవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఇంకా దోషులుగా తేలనివాళ్లే. కాబట్టి కౌంటీ జైలు నుంచి విడుదలయ్యారన్న మాట ఒక్కటే చూస్తే, ఆ మనిషి తప్పు చేశాడనీ తేలదు, చేయలేదనీ తేలదు.

అయితే ఈ రికార్డులన్నీ మూసేయాలా? వద్దు. ఎందుకు వద్దో చెప్పడానికి న్యూజెర్సీ చాలు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఇమ్మిగ్రేషన్ అధికారులు వందల మంది వలసదారులను పట్టుకుని, చాలామందిని హడ్సన్, పసేయిక్ కౌంటీ జైళ్లలో పెట్టారు. జైల్లో ఉన్నవాళ్ల పేర్లు ప్రజలకు తెలిసేలా ఉండాలని ఆ రాష్ట్రంలో ఎప్పటినుంచో చట్టం ఉంది. దాన్ని పట్టుకుని పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ కోర్టుకెళ్లింది, కింది కోర్టు పేర్లు ఇవ్వమంది. వెంటనే ఫెడరల్ ప్రభుత్వం 2002 ఏప్రిల్‌లో కొత్త నిబంధన తెచ్చింది: ఇమ్మిగ్రేషన్ ఖైదీల వివరాలను కౌంటీలు, రాష్ట్రాలు బయటపెట్టకూడదు. పై కోర్టు ఆ నిబంధనకే ఓటేసింది. అది ఇప్పటికీ అమల్లో ఉంది. ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ అమలు సంస్థ ఐస్ అధికారులు కౌంటీ జైల్లో అద్దెకు తీసుకున్న మంచం మీద మీ అబ్బాయి ఉన్నా, జైలుకు ఫోన్ చేస్తే వివరాలు చెప్పలేమంటారు. 2019 జనవరిలో మిషిగన్‌లో వీసా మోసాలు పట్టుకోవడానికి ప్రభుత్వమే పెట్టిన నకిలీ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో పట్టుబడిన విద్యార్థుల్లో తెలుగువాళ్లే ఎక్కువ. ఆ వారమంతా ఇక్కడి ఇళ్లలో అడిగిన మొదటి ప్రశ్న మా పిల్లాడు ఎక్కడున్నాడనే. పేరు తెరిచి ఉండటం ఎంత అవసరమో ఆ తల్లిదండ్రులకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బాధితుల వైపునుంచి చూసినా అంతే. 1993 డిసెంబర్‌లో కెంటకీలోని లూయీవిల్‌లో ఒక యువతిని ఆమె 21వ పుట్టినరోజునే మాజీ ప్రియుడు కాల్చి చంపాడు. ఆమె మీద అత్యాచారం కేసులో జైల్లో ఉన్న అతను బాండు మీద బయటికొచ్చాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ చావు తర్వాత, 1994లో, ఆ ఊరున్న కౌంటీలోనే వైన్ అనే వ్యవస్థ మొదలైంది. ఖైదీ పేరు మీద నమోదు చేసుకుంటే, విడుదల చేసినా వేరే చోటికి మార్చినా ఫోన్‌కు కబురొస్తుంది. ఇప్పుడది దాదాపు అన్ని రాష్ట్రాలకూ పాకింది. డబ్బు కట్టక్కర్లేదు, బాధితులే కానక్కర్లేదు, కుటుంబసభ్యులు కూడా నమోదు చేసుకోవచ్చు. భర్త చేతిలో దెబ్బలు తిని పోలీసులను పిలిచిన మన ఆడపిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అన్న దిగులు నాకుంది. అతన్ని తీసుకెళ్లిన రాత్రే దీంట్లో నమోదు చేసుకోవాలి.

వెతికే దారి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఇక్కడే తడబడతారు. మొదట ఏ కౌంటీయో తేల్చుకోవాలి. ఊరి పేరు సరిపోదు. డాలస్ పక్కన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో ఊరే కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. అరెస్టు ఏ వీధిలో జరిగిందన్న దాన్నిబట్టి జైలు మారిపోతుంది. తర్వాతి చిక్కు పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటే, వీసా మీద మొదటి పేరు దగ్గర ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. జైలు గుమాస్తా దాన్నే పేరనుకుని ఎక్కిస్తాడు. ఇంటిపేరు ముందుండే మన అలవాటు ఆ గళ్లలో తిరగబడుతుంది. అందుకే పేరును రెండు వరసల్లోనూ, పాస్‌పోర్టు స్పెల్లింగుతోనూ వెతకాలి. దొరికాక బుకింగ్ నంబరు, కేసు నంబరు రాసి పెట్టుకోవాలి. పేజీ మాయమైపోయినా కోర్టులో ఆ నంబర్లే పనికొస్తాయి.

ఇక ‘విడుదల’ అన్న మాట పక్కన కారణం ఏం రాశారో చూడకుండా ఊపిరి పీల్చుకోకూడదు. బాండు మీద వదిలారా, సొంత పూచీకత్తు మీదా, శిక్ష పూర్తయిందా, లేక వేరే ఏజెన్సీకి అప్పగించారా? ఆఖరిది చాలా తేడా. కౌంటీ లెక్కలో ఆ మనిషి బయటికెళ్లినట్టే, నిజానికి వెళ్లింది ఐస్ చేతుల్లోకి కావచ్చు. అప్పుడు వెతకాల్సింది ఐస్ ఆన్‌లైన్ లొకేటర్‌లో. ఏ-నంబరు (ఇమ్మిగ్రేషన్ శాఖ ఒక్కొక్కరికి ఇచ్చే నంబరు), పుట్టిన దేశం ఇస్తే సూటిగా దొరుకుతుంది. పేరుతో వెతికితే అక్షరం తేడా వచ్చినా దొరకదు. జైలు పేజీలో లేని పాత వివరాలు కావాలంటే ఆ రాష్ట్ర పబ్లిక్ రికార్డుల చట్టం కింద షెరీఫ్ ఆఫీసుకే అర్జీ పెట్టాలి. అందరూ పేరు విన్న ఫెడరల్ సమాచార చట్టం కౌంటీలకు వర్తించదు. ఆ పేరుతో అర్జీ పెట్టి వారాలు పోగొట్టుకోవద్దు.

ఇంతవరకూ పౌరుడికి పనికొచ్చే సంగతి. పెన్సిల్వేనియాలోని బక్స్ కౌంటీ చూస్తే రెండో వైపు తెలుస్తుంది. తమ జైలుకు వచ్చిన ప్రతి మనిషి వివరాలూ వెతుక్కునేలా ఆ కౌంటీ వెబ్‌సైట్లో ఒక సదుపాయం పెట్టింది. అందులో 1938 నుంచీ జైలుకు వచ్చి వెళ్లినవాళ్లు, దాదాపు 67 వేల మంది ఎక్కారు. వాళ్లలో ఒకాయన 1998లో అరెస్టయ్యాడు. ఆ రికార్డును చెరిపేయమని కోర్టు 2000లోనే ఆదేశించింది. అయినా ఏళ్ల తర్వాత ఆయన ఫొటో, అరెస్టు వివరాలు మళ్లీ నెట్‌లో పైకి తేలాయి. ఆ జాబితాకెక్కిన అందరి తరఫునా ఆయన దావా వేశాడు. 2019లో జ్యూరీ కౌంటీ తెలిసే చట్టం మీరిందని తేల్చి, ఒక్కొక్కరికి వెయ్యి డాలర్ల చొప్పున ఇవ్వాలంది. చెరిపేయమన్న కోర్టు ఉత్తర్వు ఒక ఆఫీసుకు చేరి, వెబ్‌సైట్ నడిపే ఆఫీసు దాకా రాకపోవడం అక్కడి ఒక్క కౌంటీ జబ్బు అని నేననుకోను.

ప్రభుత్వం ఇలా వదిలేసినదాన్ని వ్యాపారులు ఏరుకుంటారు. జైలు ఫొటోలను కౌంటీల పేజీల నుంచి తోడి తమ సైట్లలో పెట్టుకుని, తీసేయాలంటే డబ్బు కట్టమనే వ్యాపారం ఒకటి అక్కడ పుట్టింది. 2018లో కాలిఫోర్నియా ప్రభుత్వం అలాంటి ఒక సైటు యజమానుల మీద బలవంతపు వసూళ్ల కేసు పెట్టింది. మూడేళ్లలో 20 లక్షల డాలర్లకు పైగా వసూలు చేశారన్నది ఆరోపణ. శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసులు 2020లో, ప్రజలకు ముప్పున్న సందర్భాల్లో తప్ప, ఫొటోలు ఇవ్వడమే మానేశారు. పెద్ద కంపెనీలు కూడా ఈ సమాచారం విలువ గ్రహించాయి. వైన్ వ్యవస్థను నడిపే సంస్థను 2021లో ఈక్విఫ్యాక్స్ సుమారు 180 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మన క్రెడిట్ స్కోరు లెక్కగట్టే ఈక్విఫ్యాక్సే. ఉద్యోగమిచ్చేవాళ్లకు నేపథ్య వివరాలు అమ్మడం కూడా దాని వ్యాపారమే.

సగం రికార్డు ఎంత ప్రమాదమో 2025 వసంతంలో మన విద్యార్థులు ప్రత్యక్షంగా చూశారు. హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ సుమారు 13 లక్షల మంది విదేశీ విద్యార్థుల పేర్లను ఎఫ్‌బీఐ నేర సమాచార వ్యవస్థలో వేసి చూసింది, 6,400 దాకా పేర్లు కలిశాయి. ఈ లెక్కలు అధికారులే కోర్టులో చెప్పారు. దాని ఆధారంగా, విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లో వేల మంది నమోదును రద్దు చేశారు. ట్రాఫిక్ కేసుల్లో పేరు పడినవాళ్లు, కేసులు కొట్టేసినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. దేశమంతటా కోర్టులు తప్పుపడుతుంటే ఏప్రిల్ ఆఖర్లో ప్రభుత్వం వెనక్కి తగ్గి నమోదులు పునరుద్ధరించింది. ఈ లోపల కొందరు పరీక్షలు వదులుకుని విమానమెక్కేశారు. ఆ డేటాలో లోపాలున్నాయని ప్రభుత్వానికి కొత్తగా తెలిసిందా? ఎఫ్‌బీఐ రికార్డుల్లో దాదాపు సగానికి కేసు చివరికి ఏమైందన్న సమాచారమే లేదని అమెరికా అటార్నీ జనరల్ నివేదిక 2006లోనే చెప్పింది. అరెస్టును ఎక్కించే యంత్రాంగం చురుగ్గా ఉండి, ఫలితాన్ని ఎక్కించే యంత్రాంగం నిద్రపోతే, నిర్దోషి కూడా తెర మీద అనుమానితుడుగానే మిగిలిపోతాడు.

దీనికి మందు రికార్డులను దాచడం కాదు, పూర్తి చేయడం. అరెస్టు వివరాన్ని వెబ్‌సైట్లో పెట్టిన కౌంటీ, కేసు తేలేదాకా ఆ పేజీని కోర్టు రికార్డుతో కలిపి ఉంచాలి. కేసు కొట్టేస్తే ఆ ముక్క అక్కడే కనబడాలి, ఆ తర్వాత పేజీ దానంతటదే దిగిపోవాలి. ఇది జరగని పనేం కాదు. బక్స్ కౌంటీ ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రమే 2018లో క్లీన్ స్లేట్ చట్టం తెచ్చింది. అర్హమైన పాత కేసులను ఎవరూ అర్జీ పెట్టకుండానే కంప్యూటరే మూసేసే పద్ధతి దేశంలో అక్కడే మొదలైంది. తర్వాత యూటా, మిషిగన్ లాంటి రాష్ట్రాలు అదే దారి పట్టాయి. నేపథ్య తనిఖీ కంపెనీల విషయంలో 1970 నాటి ఫెడరల్ చట్టం ఉంది. శిక్ష పడని అరెస్టును మామూలుగా ఏడేళ్లు దాటాక నివేదికలో చూపకూడదు. తప్పుంటే మనం అభ్యంతరం చెప్పొచ్చు, చెప్పాక సాధారణంగా 30 రోజుల్లో విచారించాలి. ఆ హక్కును వాడుకునేవాళ్లు మనలో తక్కువ, సిగ్గుతో ఊరుకుంటారు. అలా ఊరుకోవద్దని నా విన్నపం.

వీసా మీద ఉన్నవాళ్లకు మరో జాగ్రత్త చెప్పాలి. కేసు కొట్టేయగానే రికార్డు చెరిపించేసుకుందామన్న తొందర సహజం. కానీ ఇమ్మిగ్రేషన్ ఫారాల్లో చెరిపేసిన అరెస్టును కూడా చెప్పమంటారు, కేసు ఎలా ముగిసిందో కోర్టు ధ్రువీకరించిన కాగితం అడుగుతారు. రికార్డు చెరిగిపోయాక వెళితే క్లర్కు అలాంటి కేసే లేదంటాడు. అందుకే చెరిపించే ముందే ధ్రువీకరించిన నకళ్లు నాలుగైదు తీసుకుని, లాయరు సలహా తీసుకుని, జాగ్రత్తగా దాచుకోవాలి.

ఇక మన తెలుగు మీడియా. అక్కడ ఒక తెలుగు విద్యార్థి దుకాణంలో దొంగతనం ఆరోపణతో పట్టుబడితే, మధ్యాహ్నానికి ఇక్కడ పేరు, ఊరు, కాలేజీ, జైలు ఫొటోతో సహా వచ్చేస్తుంది. ఆ ఊళ్లో తల్లిదండ్రులు మళ్లీ గుడికి, పెళ్లికి వెళ్లలేరు. కొన్ని నెలల తర్వాత కేసు ఎలా ముగిసిందో రాసినవాళ్లు దాదాపు లేరు. చాలా కౌంటీల్లో కేసు నంబరుతో వెతికితే ఫలితం ఆన్‌లైన్లోనే దొరుకుతుంది, అరెస్టు ఫొటో దించుకున్నంత సేపు కూడా పట్టదు. నేరం తేలకముందు పేరూ ఫొటో వేయకపోవడం మంచి పద్ధతి. వేశారు కాబట్టి, తీర్పు రోజున అదే పాత వార్త కింద కేసు ఫలితం చేర్చండి. కేసు కొట్టేస్తే ఆ ఫొటో తీసేయండి.