జొన్నమల్లె గారికి బహిరంగ లేఖ

జొన్న వేళ్లను పీల్చి బతికే కలుపుమొక్క, మహారాజశ్రీ జొన్నమల్లె గారికి, హైదరాబాదు మియాపూర్ ఫ్లాటు నుంచి రెండెకరాల పట్టాదారు నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, జహీరాబాద్ దగ్గరి మా జొన్నచేను చూస్తేనే తెలిసిపోయింది.

మొన్న చవితికి వెళ్తే, నేల తడిగానే ఉంది, జొన్నాకులు మాత్రం ఎండలకు వాడినట్టు చుట్టుకుపోయాయి. మొదళ్ల దగ్గర జానెడెత్తున, చిన్న తెల్లపూలతో తమరు. మా పాప "క్యూట్‌గా ఉన్నాయి నాన్నా" అని ఫొటో తీసింది. అన్న ఒక మొక్క పెకిలించి, మీ వేరు జొన్న వేరుకు అతుక్కున్న చోటు చూపించాడు. వారాల తరబడి నేలకింద కూర్చుని తిని, పైకొచ్చాక ఆకుపచ్చ రంగేసుకుంటారు చూడండీ, సొంతంగా వండుకు తింటున్నట్టు!

మీ చెవి మహా పదును. దుమ్ములాంటి మీ విత్తనం ఏళ్లకేళ్లు మట్టిలో పడుకుంటుంది. వానొక్కటే పడితే లేవదు. భాస్వరం చాలని జొన్న, వేళ్లలో కాపురముండే శిలీంధ్రానికి "కాస్త తెచ్చిపెట్టు" అని వేళ్లనుంచి వదిలే స్ట్రైగోలాక్టోన్లనే రసాయనాలతో కబురంపిందా, చుట్టంకంటే ముందు మీరు దిగుతారు. ఫోన్లో ఒక్కసారి అప్పు గురించి వెతికితే లోన్‌యాప్‌వాళ్లు మీదపడ్డట్టే.

ఆ కబురు పంపించింది నేనే లెండి. "నేచురల్‌గా పండిద్దాం అన్నా" అని ఏసీలో కూర్చుని, భాస్వరం అందించే డీఏపీ మాన్పించాను. పోనీ పెంట తోలించానా? ఆ డబ్బుతో బాల్కనీ పుదీనాకు వర్మీకంపోస్టు కొన్నా.

విత్తేటప్పుడే భాస్వరం, తర్వాత దఫాలుగా నత్రజని అందిన జొన్న అంతగా పిలవదు, మీలో చాలామందికి మెలకువే రాదు. పటాన్‌చెరులో 1972 నుంచీ ఉన్న మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు ఆఫ్రికా రైతులకు సీసా మూతతో కొలిచి గుంటలోనే ఎరువు వేయడం నేర్పారు. ఊరెళ్లేది ఆ దారినే. "ఇక్కడేం చేస్తారు నాన్నా?" అని పాప అడిగితే "జొన్నల మీద ఏదో" అన్నాను. అసలు మీకు కబురే సరిగా అందని జొన్నలు తయారుచేసిన శాస్త్రవేత్త గెబిసా ఎజెటాకు 2009లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. ఆ సంగతీ నాకు ఈ మధ్యే తెలిసింది.

ఇప్పుడు బస్తా యూరియా గుమ్మరించినా మీరు తిన్నది కక్కరు. ఆదివారం వస్తున్నా, మీరు గింజ రాల్చకముందే పీకడానికి. మోకాళ్ల నొప్పులన్నా అన్న వినలేదు. భూసార పరీక్షకు మట్టి తేవాలని పాప పాత టిఫిన్ డబ్బా కడిగిపెట్టింది.

ఇట్లు,
తమరిని పిలిచిన పట్టాదారు