ఉద్యోగం ఊడింది, నిద్ర పట్టింది

మా మేనల్లుణ్ని కాల్ సెంటర్ నుంచి తీసేసిన రాత్రి మా చెల్లెలు అన్నం ముట్టలేదు. వాడు మాత్రం మారు వడ్డించుకుని తిని, మర్నాడు పదకొండింటి దాకా నిద్రపోయాడు. "వీడికి చీమ కుట్టినట్టయినా లేదన్నయ్యా" అని ఆమె ఫోనులో వాపోయింది. నిజమే, లేదు. తెల్లవారితే వెళ్లాల్సిన షిఫ్టు తలచుకుని కడుపులో తిప్పకుండా గడిచిన రాత్రి పద్నాలుగు నెలల్లో అదే మొదటిదట.

ఈ ఊరటకు లోకం పెట్టే పేర్లు మనకు తెలుసు. బద్ధకం, బాధ్యత లేకపోవడం, ఈ తరానికి ఓర్పు లేదు... నా లెక్కలో అది సాక్ష్యం. నెల జీతం పోయినా గుండె మీది బండ దించినట్లు ఉందంటే, ఆ జీతానికి బదులుగా మనిషి ఇస్తున్నది ఏమిటో ఆరా తీయాలి.

1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల గురించి చదువుతూనే ఉన్నాం. కాకపోతే అక్కడ కోడు రాసేవారి గురించి రాసినంతగా హెడ్‌సెట్ తగిలించుకునేవారి గురించి ఎవరూ రాయలేదు. మావాడిది తెలుగు వాయిస్ ప్రాసెస్, అంటే తెలుగులో ఫోన్లు ఎత్తి జవాబు చెప్పే పని; జీతం 18 వేలు. "నాణ్యత కోసం ఈ కాల్ రికార్డు చేయబడుతుంది" అని మనం వింటాం చూడండి, ఆ రికార్డులో జల్లెడ పట్టేది అవతలి కుర్రాడి మాటలను. పేరు పెట్టి పలకరించాడా, "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నాడా, ఎన్ని సెకన్లు మౌనంగా ఉన్నాడు, చివర "ఇంకేమైనా సహాయం కావాలా" అని అడిగాడా? ప్రతిదానికీ మార్కులే. కొన్ని తప్పులకు మొత్తం కాల్‌కే సున్నా. వాటిని 'ఫేటల్' అంటారు. మంచినీళ్లకు లేచినా కంప్యూటర్‌లో బ్రేక్ నొక్కి లేవాలి.

అదంతా ఓర్చుకోవచ్చు. కస్టమర్ల డబ్బులో కోత పెట్టాలన్న నిర్ణయం ఎక్కడో జరుగుతుంది, తిట్లు వీడు తింటాడు. రూపాయి తిరిగి ఇచ్చే అధికారం లేదు, ఫోను పెట్టేసే అధికారమూ లేదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ విమానాల్లో పనిచేసే సిబ్బందినీ, బాకీలు వసూలు చేసేవారినీ పరిశీలించి 1983లోనే దీన్ని భావోద్వేగ శ్రమ అన్నారు, అంటే జీతం కోసం ఉన్న భావాన్ని దాచుకుని, లేనిదాన్ని తెచ్చిపెట్టుకోవడం. విమానంలో నవ్వు ముఖం మీద ఉంటే సరిపోతుంది; ఇక్కడ అది గొంతులో వినబడాలి. మావాడి ఉద్యోగం పోయింది కూడా గొంతు వల్లే. అడగని సేవకు రోజూ తన ఫోనులో డబ్బు కోస్తున్నారని ఒక పెద్దావిడ "నాయనా" అంటూ మొత్తుకుంటే, దాన్ని ఎలా ఆపాలో నిదానంగా చెప్పి, చివర "తప్పు మాదేనమ్మా" అన్నాడు. సంస్థ తప్పు ఒప్పుకోవడం ఫేటల్.

"ఇంట్లో బియ్యం ఉన్నవాడికే ఈ ఊరటలు" అనేవారున్నారు. ఆ మాటను కొట్టిపారేయలేను. చిన్న ఊళ్ల నుంచి మామూలు డిగ్రీతో వచ్చిన వేలమందికి ఈ నగరంలో తొలి జీతం ఇచ్చింది కాల్ సెంటర్లే. కానీ మావాడి ఇంట్లో బియ్యం లేనందుకే కదా పద్నాలుగు నెలలు ఉన్నాడు! అద్దె, బైకు వాయిదా నెత్తిన ఉండగానే నిద్ర పట్టింది.

అసలు ప్రశ్న ఇది: అంత నరకమైతే తానే ఎందుకు మానేయలేదు? నాకు దొరికిన జవాబు ఒక్కటే. మన దగ్గర పొమ్మనిపించుకోవడం దురదృష్టం, మానేయడం నేరం. తీసేస్తే "పాపం" అంటారు. తానే మానేస్తే జీవితాంతం దెప్పుతారు. అందుకే లక్షలమంది రాజీనామా రాయలేక, ఎవరో ఒకరు తమను గెంటేస్తే బాగుండునని లోలోపల మొక్కుకుంటారు. ఊడినప్పుడు కలిగే ఊరట, ఆ నిర్ణయం తాము తీసుకోనక్కర్లేకపోయినందుకు.

చట్టమూ ఇంటివాళ్ల పక్షమే. కార్మిక రాజ్య బీమా సంస్థ (ఈఎస్ఐసీ) 2018లో తెచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద, నిబంధనలకు సరిపోయిన బీమాదారుకు పని పోతే 90 రోజుల వరకు సగటు వేతనంలో సగం ఇస్తారు, అదీ జీవితంలో ఒక్కసారి. స్వచ్ఛందంగా విరమించుకున్నవారికి అది లేదు. దుష్ప్రవర్తన కింద తొలగించినవారికీ లేదు. జర్మనీలో తనంతట తాను మానేసినవాడికి మామూలుగా 12 వారాలు ఆపుతారు, ఆ తర్వాత భృతి ఇస్తారు. మానేయడం కూడా మనిషి చేసే పనుల్లో ఒకటని అక్కడి చట్టానికి తెలుసు.

ఇక్కడి తమాషా ఇంకొకటి చూడండి. తీసేసిన రోజు మావాడి చేత రాజీనామా రాయించుకున్నారు! "రాసిచ్చేస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఉంటుంది" అని బుజ్జగించారు. ఏడాది నిండిన కార్మికుణ్ని, క్రమశిక్షణ చర్యగా కాకుండా, తొలగిస్తే సర్వీసులోని ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం పరిహారంగా ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో చేసిన సవరణ నుంచీ ఉంది. రాజీనామా కాగితం ఉంటే ఆ బెడద లేదు. మానేయాలని ఉన్నన్నాళ్లూ రాయలేని ఆ కాగితాన్ని, గెంటేసిన పూట రాయించారు.

'ఉద్యోగం పురుష లక్షణం' అని చిన్నప్పటి నుంచీ మన చెవుల్లో పోస్తారు. సంస్కృతంలో ఉద్యోగమంటే ప్రయత్నం, పూనిక. మనం దాన్ని కుదించి కుదించి ఐడీ కార్డు దగ్గరికి తెచ్చాం. భారతంలో ఉద్యోగ పర్వం తెరిచి చూడండి, ఎవరికీ కొలువు దొరకదు. ఉన్నవి రాయబారాలు, యుద్ధ సన్నాహాలు. పాండవులు కొలువులు చేసింది దానికి ముందున్న విరాట పర్వంలో, అదీ మారుపేర్లతో. ధర్మరాజు కంకుడయ్యాడు, భీముడు వలలుడయ్యాడు. రాత్రి షిఫ్టుల్లో మన పిల్లలు అమెరికా పేర్లతో ఫోను ఎత్తినంతకాలం సాగింది ఆ పర్వమే. పాండవులకు ఏడాదితో గడువు తీరింది, ఆ కొలువులు ఎందుకు మానేశారని వాళ్లను ఎవరూ నిలదీయలేదు. మన పిల్లలను పెళ్లిచూపుల్లో కూడా నిలదీస్తాం, "మధ్యలో ఈ ఆరు నెలలు ఖాళీ ఏమిటి?" అని.

మా చెల్లెలు ఇప్పటికీ పక్కింటివాళ్లకు "ఇంటి నుంచే పని" అని చెబుతోంది. అద్దె తేదీ దగ్గర పడుతోంది, ఆ సంగతి వాడికీ తెలుసు. నిన్న నేను ఫోను చేస్తే ఎత్తడానికి చాలాసేపు పట్టింది. ఎక్కడున్నావురా అని అడిగాను.

"ఇక్కడే ఉన్నాను మామయ్యా. కాసేపు మోగనిచ్చాను" అన్నాడు.