ఆ కొబ్బరిచెట్టు మెసేజ్ ఇక ఆపండి

ఈ వారంలో ఇది నాలుగోసారి. "యూకేలో మన కొబ్బరి, మన తాటి పెరట్లోనే పెంచుకోండి" అనే వాట్సాప్ మెసేజ్. పైన సముద్రపు ఒడ్డున వరసగా చెట్లున్న ఫొటో, కింద చిట్కాలు. పంపినవాళ్ళంతా మనవాళ్ళే, మంచి మనసుతోనే పంపారు. పెరట్లో ఒక్క మట్ట గాలికి ఊగినా చాలు అనిపించే బెంగ నాకూ ఉంది. కోనసీమలో పుట్టి, ఉత్తర ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో పన్నెండు చలికాలాలు గడిపినదాన్ని. కానీ ఆ చిట్కాలు నమ్మినవాళ్ళ ఇళ్ళలో నాకు తెలిసి మూడు చెట్లు పాడయ్యాయి. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఫొటో సంగతి. అది డెవన్ తీరంలోని టోర్కీ. ఆ చెట్లని అక్కడ 'టోర్‌బే పామ్' అంటారు గానీ అవి అసలు తాటి కుటుంబమే కాదు. కార్డిలైన్ అనే న్యూజిలాండ్ మొక్క, మన శతావరికి చుట్టం. అంటే ఫొటోలో కొబ్బరి లేదు, తాటి లేదు, కనీసం ఈత కూడా లేదు. పైగా అది ఇంగ్లండ్ నైరుతి తీరం. అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చటి నీళ్ళ వల్ల అక్కడ చలి అంతగా ముదరదు. ఆ అదృష్టం లీడ్స్‌కి, పక్కనున్న బ్రాడ్‌ఫర్డ్‌కి లేదు. 2010 డిసెంబరు చలికి ఈ దేశంలో ఆ కార్డిలైన్లే ఎన్నో చచ్చిపోయాయి.

"కొబ్బరికాయ నానబెట్టి నాటండి, మొలుస్తుంది." మొలుస్తుంది, కాదనను. వంటింట్లో హీటర్ పక్కన పెడితే జూలై దాకా చక్కగా ఉంటుంది. నవంబరులో బయట పెడితే క్రిస్మస్ చూడదు. లండన్‌లోని పెద్ద వృక్షశాస్త్ర తోట క్యూ గార్డెన్స్‌వాళ్ళే కొబ్బరిని 1848లో కట్టి ముగించిన అద్దాల పామ్ హౌస్‌లో వేడి పెట్టి పెంచుతున్నారు. డిసెంబరులో ఇక్కడ పగలంటే ఎనిమిది గంటలు కూడా ఉండదు. తాటి టెంకదీ అదే కథ. తేగ కిందికి దిగాలంటే నేల వెచ్చగా ఉండాలి. మా పెరట్లోని జిగట బంకమట్టిలో అది కుళ్ళడం తప్ప ఇంకేమీ చెయ్యదు.

"వాతావరణం మారిపోయింది, ఇక్కడా 40 డిగ్రీలు వస్తున్నాయి, చలికి భయపడక్కర్లేదు." 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు వచ్చిన మాట నిజం. అదే ఏడాది డిసెంబరులో వారం పైగా గడ్డకట్టించిన చలి ఎవరికీ గుర్తులేదా? 2019 ఫిబ్రవరి 26న క్యూలో 21.2 డిగ్రీలు. సరిగ్గా ఏడాది ముందు, అదే వారంలో, తూర్పు నుంచి వచ్చిన చలిగాలికి దేశమంతా మంచులో కూరుకుపోయింది. చెట్టును చంపేది ఏడాది సగటు కాదు, ఒక్క రాత్రి. ఫిబ్రవరి ఎండ చూసి కదిలిన లేత ఆకు మార్చి చలికి దొరికిపోతుంది. ఇక్కడ మనకు ఎదురయ్యేది చలి ఒక్కటే కాదు, అది ఎప్పుడొస్తుందో తెలియకపోవడం.

"షాపులో అట్ట మీద మైనస్ 15 అని రాసి ఉంటే ఆ మొక్క కొనండి, దిగులు ఉండదు." ఇది సగం నిజం. ఆ మొక్క ట్రాకికార్పస్ ఫార్చూనై, చూసాన్ పామ్ అంటారు. చైనా చెట్టు. కాండం చుట్టూ గోధుమరంగు పీచు ఉంటుంది, దాంతో అక్కడివాళ్ళు తాళ్ళు పేనేవారు, వాన ఆపే పై బట్టలు అల్లేవారు. 1849లో రాబర్ట్ ఫార్చ్యూన్ అక్కణ్ణుంచి క్యూకి మొక్కలు పంపాడు, ఆ పేరు ఆయనదే. ఈ దేశంలో ఆరుబయట నమ్మకంగా బతికే పామ్ అంటే నేను ముందు చెప్పేది దీన్నే. కానీ ఆ మైనస్ 15 అన్నది నేలలో నాలుగైదేళ్ళు పాతుకున్న చెట్టుకి, గాలి తగలని చోట, నీళ్ళు నిలవని మట్టిలో, ఒకటి రెండు రాత్రులకి. కుండీలో ఉన్న పిల్ల మొక్కకి కాదు. కుండీలో వేళ్ళకి నాలుగు వైపుల నుంచీ చలి తగులుతుంది, మట్టిముద్ద మొత్తం గడ్డకడుతుంది. అట్ట మీద ఇదంతా రాయరు.

ఇక నాకు నిజంగా ఒళ్ళు మండించిన చిట్కా ఇది: "నవంబరులో చెట్టు మొత్తాన్ని పాలిథిన్ కవరుతో గట్టిగా చుట్టి మార్చి దాకా విప్పకండి."

మా వదిన బ్రాడ్‌ఫర్డ్‌లో అచ్చం ఇలాగే చేసింది. మార్చిలో నేను వెళ్ళి కవరు విప్పాను. లోపలి వైపంతా నీటిబొట్లు, పట్టుకుంటే చెయ్యి తడిసింది. ఆకుల మొదళ్ళలో బూడిదరంగు బూజు. మధ్యలో ఈటెలా నిలబడే కొత్త ఆకుని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగాను. బలం పెట్టనేలేదు, మొత్తం ఊడి చేతిలోకి వచ్చేసింది. కింది కొస గోధుమరంగులో మెత్తగా, పులిసిపోయిన పిండి వాసన. "మెసేజ్‌లో ఉన్నట్టే చేశాను కదమ్మా" అని వదిన బిక్కమొహం పెట్టింది. ఆమెను ఏమనగలను?

మొవ్వుకుళ్ళు అంటే ఏమిటో కోనసీమలో ఏ కొబ్బరి రైతునైనా అడగండి. ముసురు పట్టిన రోజుల్లో ఆయన భయపడేది దానికే. ఈ చెట్లకి మామిడికీ వేపకీ ఉన్నట్టు పక్క కొమ్మలు వేసే వీలు లేదు. కాండానికి ఒకటే మొవ్వు, కొత్త ఆకు పుట్టేది అక్కడే. అది పోతే ఇక చెట్టు లేదు. ఆ మొవ్వు చుట్టూ నీళ్ళు చేర్చి, గాలి ఆడకుండా కట్టి, నాలుగు నెలలు ఉంచమని సలహా ఇస్తారా? పసిపిల్లని తడిబట్టల్లో చుట్టి పడుకోబెట్టమన్నట్టు లేదూ? ఇది రాసినవాళ్ళు ఒక్క చెట్టునైనా ఒక్క చలికాలం దాటించారా? చలికి తట్టుకోగలిగిన చెట్టుని వీళ్ళ కవరు చంపుతోంది!

చుట్టక తప్పని రోజులుంటాయి, దానికో పద్ధతుంది. ఆకుల్ని పైకి ఎత్తి వదులుగా కట్టాలి. తోట షాపుల్లో దొరికే ఫ్లీస్ బట్ట చుట్టాలి, అది గాలిని పోనిస్తుంది. మొవ్వులో వాన పడకుండా పైన చిన్న కప్పు చాలు, పక్కలు తెరిచే ఉండాలి. గడ్డకట్టే రాత్రులు అయిపోగానే విప్పెయ్యాలి, మళ్ళీ వస్తే మళ్ళీ కట్టాలి. విసుగ్గానే ఉంటుంది, కానీ చెట్టు నిలబడేది అలాగే. కాండానికి దీపాల తీగ చుడితే వెచ్చదనం అంటారు. అది పాత బల్బుల సంగతి, ఎల్ఈడీలకి చెప్పుకోదగ్గ వేడి ఉండదు.

చెట్టు మొదలు దగ్గర ఉప్పు వెయ్యమన్న చిట్కా: మన దగ్గర కొబ్బరికి ఉప్పు వేస్తారు, నిజమే. ఇక్కడి బంకమట్టికి వెయ్యకండి, మట్టి పాడవుతుంది. మంచు పడిన పొద్దున్న వేణ్ణీళ్ళు పొయ్యడం: వద్దు. పామ్ ఉంటే ఇంటి ధర పెరుగుతుందట: దానిమీద మాట్లాడే ఓపిక నాకు లేదు.

ఒక్కదాన్ని మాత్రం వదలను. "ఇండియా నుంచి చిన్న మొక్కని తడిగుడ్డలో చుట్టి సూట్‌కేసులో తెచ్చుకోండి, ఎవరూ అడగరు." నాటే మొక్కకి ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే దానికి చీడపీడలు లేవనే అధికారిక పత్రం, కావాలి, అది ఊరికే పెట్టిన రూలు కాదు. మన కొబ్బరికి పట్టే ఎర్రముక్కు పురుగు 1980లలో గల్ఫ్‌కి, 1990లలో ఈజిప్టుకి, స్పెయిన్‌కి చేరింది. అంతంత దూరాలు ఎగిరి కాదు, మనుషులు తెచ్చిన మొక్కలతో. కాండం లోపల తింటూ ఉంటుంది, పైకి ఏమీ కనిపించదు, కనిపించేసరికి తల వాలిపోతుంది. మధ్యధరా తీరాల్లో వీధుల వెంట ఉన్న ఖర్జూర జాతి చెట్లు అలాగే పోయాయి. మనింటి బెంగ తీరడానికి ఇంకొకరి ఊళ్ళో చెట్లు పోవాలా?

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. ఆ మెసేజ్ చివరి వాక్యం, ఎవరూ అంతదాకా చదవరేమో, "చలికి ఎండినట్టు కనిపించినా వేసవి దాటేదాకా కొట్టెయ్యకండి" అని ఉంది. అది నూటికి నూరుపాళ్ళు నిజం. నా మొదటి ట్రాకికార్పస్‌ని ఏప్రిల్‌లో తవ్వి పారేశాను. వేళ్ళు తెల్లగా, బతికే ఉన్నాయి. ఆ మాట నాకప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

అందుకే వదిన చెట్టుని కదలనివ్వలేదు. కుళ్ళిన భాగం తీసేసి, మొవ్వు గుంటలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాం. బుసబుసా నురగ వచ్చింది. ఆరనిచ్చి, పైన కప్పు పెట్టి వదిలేశాం. మే నెలాఖరుకి గుంటలోంచి వేలెడంత ఆకుపచ్చ మొన పైకొచ్చింది. దానికీ పక్కనున్న పాత మట్టకీ కలిపి మార్కర్‌తో అడ్డంగా ఒక గీత గీశాను, పెరుగుతుంటే గీతలు విడిపోతాయి. నిన్న వదిన ఫొటో పంపింది. రెండు గీతల మధ్య బొటనవేలంత ఎడం వచ్చింది.