బావగారి కాటా

మా బావగారు కాటా కొన్నారు. బంగారం తూచడానికి కాదు, అన్నం తూచడానికి. ఒక్క గ్రాము తేడా ఉన్నా పట్టేస్తుందట. ఆరోగ్యం మీద ఇంత చిత్తశుద్ధి ఇంకెవరికైనా ఉంటే చెప్పండి, శాలువా కప్పుదాం.

మా అమ్మమ్మ తవ్వతో బియ్యం, వేలి కణుపుతో నీళ్లు కొలిచి పదిమందికి వండేది. పదకొండో మనిషి వచ్చినా అన్నం చాలేది. ఎంత అశాస్త్రీయం!

మొదటి రోజే పేచీ. బావగారు 150 గ్రాముల బియ్యం తూచి ఇచ్చారు. కుక్కర్ దించాక తూస్తే 400 దాటింది. కాటా పాడైందన్నారు. బియ్యం నీళ్లు పీలుస్తాయండీ అని అక్క మెల్లిగా చెప్పినా వినలేదు. ఫోన్‌లో యాప్ ఉందిగా! అందులో 150 గ్రాముల అన్నమంటే 200 కేలరీల లోపు, అదే బియ్యమంటే 500 పైచిలుకు. ఈయన బియ్యం తూచి అన్నమని రాసుకున్నారు. రెండు వారాలు. బరువు తగ్గకపోతే తప్పు యాప్‌దట. నెయ్యి అసలు లెక్కలోకే రాదు, అది 'రుచికి'.

పోయిన నెల చుట్టాల గృహప్రవేశానికి కాటాను సంచిలో పెట్టుకొచ్చారు. బంతిలో కూర్చుని అరిటాకు కింద కాటా పెట్టారు. ఆకు అంచులు బల్లకు తగులుతుంటే అంకె నిలవదు కదా, ఆకును నాలుగు మడతలు వేశారు. పులిహోర పడింది. "ఆగు నాయనా, 12 గ్రాములు తీసెయ్." కుర్రాడు మెతుకులు ఏరుతున్నాడు. అతని వెనక పప్పు బకెట్ ఆగింది, దాని వెనక సాంబారు, ఆ వెనక అప్పడాల గంప. అంకె నిలబడేదాకా బంతి బంతంతా చేతులు కట్టుకు కూర్చుంది. బూరె 62 గ్రాములు. తిన్నారు. రెండోది తూచారు, తిన్నారు. మూడోది తూచకుండానే తిన్నారు, సగటు తెలిసిపోయింది కనక.

ఆ కాటాకు ఒక బటన్ ఉంది. కంచం పెట్టి నొక్కితే కంచం బరువు సున్నా అయిపోతుంది. ఆ కంచం మూడు పూటలా కడిగి, తుడిచి, అక్కడ పెట్టేది మా అక్క. అందరూ లేచాక తింటుంది. ఏం తింటుంది? కుక్కర్ అడుగున అంటుకున్నది, కూర గిన్నె తుడిచింది, పిల్ల వదిలేసిన సగం చపాతీ. 20 ఏళ్లుగా ఇదే. మొన్న రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 వచ్చింది. ఆడవాళ్లకు 12 ఉండాలి. దాన్నీ గ్రాముల్లోనే కొలుస్తారు బావా! పులిహోరలో 12 కనపడ్డాయి, పెళ్లాం ఒంట్లో తగ్గిన 4 కనపడలేదా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత అని తేలింది. ఆ ఇళ్లలో ఎవరూ ఏదీ తూచలేదనా?

నిన్న రాత్రి అక్క కంచం లాక్కుని నేనే కాటా మీద పెట్టాను. 'లో' అని చూపించింది.

బ్యాటరీ అయిపోయిందన్నారు బావగారు. కొత్తది తేవడానికి అప్పుడే చెప్పులేసుకున్నారు.